అక్షరాల చోటు మారితే వేళ్లకు హాయేనా?

కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఒకసారి ఎఫ్, జె కీలను వేలితో తడిమి చూడండి. రెండింటి మీదా చిన్న గీత ఎత్తుగా తగులుతుంది. చూపుడు వేళ్లు అక్కడ ఆనిస్తే మిగతా వేళ్లు నడిమి వరసలో వాటంతటవే కుదురుకుంటాయి. అలా చేతులు పెట్టి, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో ‘నమస్కారం’ అని టైపు చేయండి. మొత్తం 11 కీలు నొక్కాలి. వాటిలో 5 సార్లు ‘ఏ’ కీయే. చివరి సున్నకు పెద్ద ‘ఎమ్’ కావాలి కాబట్టి షిఫ్ట్ కూడా పట్టాలి. ఆ ఐదు నొక్కులూ, ఆ షిఫ్టూ ఎడమచేతి చిటికెన వేలి పనే. ఒక్క మాటకే ఇంత బరువుంటే, రోజంతా తెలుగులో రాసే అనువాదకులకూ సబ్‌ఎడిటర్లకూ సాయంత్రానికి ఆ వేలు ఎందుకు లాగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

చేతులు నొప్పిగా ఉన్నాయంటే చాలామందికి వినిపించే సలహా ఒకటుంది: కీబోర్డు అమరిక మార్చుకోండి, డ్వొరాక్‌కో కోల్‌మాక్‌కో వెళ్లండి, హాయిగా ఉంటుంది అని. ఈ సలహాలో నిజం ఉంది. కానీ అందరి చేతులకూ అది ఒకేలా వర్తించదు. తెలుగు టైపు చేసే చేతుల సంగతి మరీ వేరు. ఎందుకో ఓపిగ్గా చూద్దాం.

మనందరి ముందూ ఉన్న క్వర్టీ అమరిక, అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ తయారుచేసిన టైప్‌రైటర్ నుంచి వచ్చింది. రెమింగ్టన్ సంస్థ దాన్ని 1874లో అమ్మకానికి పెట్టింది. లోపలి అచ్చు కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకోకుండా అక్షరాలను దూరం జరిపారని ఒక కథ. టెలిగ్రాఫ్ ఆపరేటర్ల అవసరాలే ఆ అమరికను మలిచాయని జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వాదించారు. ఏది నిజమైనా, పది వేళ్లతో, కీల వంక చూడకుండా టైపు చేసే అలవాటు అప్పటికింకా వ్యాపించలేదు. ఏ వేలు ఎంత అలసిపోతుందన్న లెక్కకు అందులో చోటు లేకపోయింది.

ఆ లెక్క వేసినవాడు ఆగస్ట్ డ్వొరాక్. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యా మనస్తత్వ శాస్త్రం బోధించేవాడు. బావమరిది విలియం డీలీతో కలిసి ఇంగ్లిష్‌లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుంది, ఏ అక్షరం పక్కన ఏది వస్తుంది అని పరిశీలించి, 1936లో కొత్త అమరికకు పేటెంటు పొందాడు. అందులో అచ్చులన్నీ ఎడమచేతి నడిమి వరసలో ఉంటాయి. డి, హెచ్, టి, ఎన్, ఎస్ కుడిచేతి నడిమి వరసలో ఉంటాయి. ఇంగ్లిష్ రాస్తుంటే క్వర్టీలో సుమారు మూడో వంతు నొక్కులే నడిమి వరసలో పడతాయి. డ్వొరాక్‌లో దాదాపు 70 శాతం పడతాయి. అంటే వేళ్లు పైకీ కిందికీ పాకడం బాగా తగ్గుతుంది. 2006లో షై కోల్‌మన్ రూపొందించిన కోల్‌మాక్ మధ్యేమార్గం. క్వర్టీలోని 17 కీలను మాత్రమే కదిలించి, కాపీ, పేస్ట్ వంటి పనులకు వాడే జెడ్, ఎక్స్, సి, వి కీలను ఉన్నచోటే ఉంచింది. క్యాప్స్ లాక్ స్థానంలో బ్యాక్‌స్పేస్ పెట్టింది. ఈ చివరి మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చాచి చాచి అలసిన కుడి చిటికెన వేలికి అసలైన ఊరట ఇదే అని నా నమ్మకం.

డ్వొరాక్ మీద జరిగిన పేరున్న పరీక్షలు ప్రధానంగా వేగం గురించినవి. 1944లో అమెరికా నౌకాదళం జరిపిన పరీక్ష డ్వొరాక్‌ను మెచ్చుకుంది. డ్వొరాక్ అప్పుడు అదే నౌకాదళంలో పనిచేస్తుండటం వల్ల దాని మీద తర్వాత అనుమానాలు వచ్చాయి. 1956లో ఎర్ల్ స్ట్రాంగ్ అమెరికా ప్రభుత్వ సంస్థ కోసం చేసిన పరీక్షలో, క్వర్టీ వచ్చినవాళ్లకు మళ్లీ శిక్షణ ఇచ్చినందువల్ల లాభం కనిపించలేదు. ఆర్థికవేత్తలు ఈ కథ మీద దశాబ్దాల తరబడి పోట్లాడుకున్నారు. నిమిషానికి ఎన్ని మాటలన్న ఆ పోరు నొప్పితో బాధపడేవారికి అక్కరకు రాదు. వాళ్లకు కావలసిన ప్రశ్న వేరు: నొప్పి ఎక్కడ?

టైపు చేసే చేతిని బాధించేవి చాలా ఉన్నాయి. మణికట్టు పైకి వంగి ఉండటం ఒకటి. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లు తెరిస్తే ఈ వంపు ఇంకా పెరుగుతుంది. చాలామంది వాటిని తెరవడమే సరైనదనుకుంటారు, మూసేయడమే మేలు. ముంజేతులు లోపలికి వచ్చి, అరచేతులు చిటికెన వేలి వైపు బయటికి వంగడం ఇంకొకటి. సన్నటి కీబోర్డు మీద వెడల్పాటి భుజాలున్న మనిషి చేతులు పెడితే జరిగేది ఇదే. కీలను అవసరానికి మించి గట్టిగా కొట్టడం, గంటల తరబడి లేవకపోవడం, నంబర్ ప్యాడ్ అవతల ఎక్కడో ఉన్న మౌస్ కోసం కుడిచేయి చాచి ఉంచడం కూడా ఉన్నాయి. అక్షరాల అమరిక వీటిలో దేన్నీ తాకదు. అది మార్చగలిగేది వేలి ప్రయాణాన్నే: ఎంత దూరం సాగాలి, ఎన్నిసార్లు వరస దాటాలి, ఒకే వేలితో వెంటవెంటనే ఎన్ని కొట్టాలి, చేతులు ఎంతగా వంతులేసుకుంటాయి.

అందుకే వేళ్ల కీళ్ల దగ్గర అలసట, చిటికెన వేలు లాగడం, రాత మధ్యలో వేళ్లు బిగుసుకోవడం ఉన్నవారికి అమరిక మార్పు మేలు చేసే అవకాశం ఉంది. మణికట్టు నొప్పికి ముందుగా చూడాల్సింది కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు, కీబోర్డు ఆకారం. రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డు మణికట్టును సూటిగా ఉంచుతుంది. అందులో క్వర్టీయే ఉన్నా సరే. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి, ముఖ్యంగా రాత్రి నిద్రలో లేపే తిమ్మిరి ఉంటే మణికట్టు గుండా పోయే నరం నలుగుతుండవచ్చు. చిటికెన వేలు, దాని పక్కన సగం ఉంగరపు వేలు మొద్దుబారుతుంటే ఆ నరం వేరు. అది మోచేయి దగ్గర కూడా నొక్కుకుపోవచ్చు. ఇవి కీబోర్డు సెట్టింగుల్లో తేలే విషయాలు కావు. డాక్టరుకు చూపించుకోవాలి, ఆలస్యం చేయకూడదు.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లిష్ కోసం లెక్కగట్టిన అమరికలో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే ఏమవుతుంది? మొదటి నిరాశ: క్వర్టీ, డ్వొరాక్, కోల్‌మాక్ మూడింటిలోనూ ‘ఏ’ కదలదు. ఎడమ చిటికెన వేలి కిందే ఉంటుంది. మన హల్లులన్నిటికీ అంటిపెట్టుకున్న ‘అ’ కోసం ఆ వేలు పడే పాట్లు ఏ అమరికలోనూ పోవు. ‘పలక’ అనే మాటను డ్వొరాక్‌లో కొట్టి చూడండి. అక్కడ ‘పి’, ‘కె’ ఎడమచేతి వైపుకు వెళ్లాయి. ఆరు నొక్కుల్లో ఐదు ఎడమచేతివే. మిగిలిన ‘ఎల్’ కుడి చిటికెన వేలు పై వరసకు సాగితే గానీ అందదు. ఇంగ్లిష్‌కు ఆ చోటు ఇబ్బంది కాకపోవచ్చు. బహువచనం వచ్చిన ప్రతిసారీ ‘లు’ రాసే మనకు ఇబ్బందే. కోల్‌మాక్ ఈ విషయంలో నయం: ‘ఎల్’ కుడి చూపుడు వేలికి, పక్కనే ‘యు’ మధ్య వేలికి వస్తాయి. ఒక చిన్న కదలికలో ‘లు’ పడిపోతుంది. ఇంగ్లిష్ ఎక్కువ, తెలుగు కొంచెం రాసేవారు అమరిక మార్చదలిస్తే కోల్‌మాకే మంచిదని నేనంటాను.

తెలుగే ఎక్కువ రాసేవారికి వేరే దారి ఉంది. అది మన దేశంలోనే పుట్టింది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ప్రమాణంగా తెచ్చింది. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. హల్లులోని ‘అ’ను వేరుగా కొట్టే పని లేదు, కాబట్టి ‘నమస్కారం’ 11 నొక్కుల నుంచి 8కి దిగుతుంది, షిఫ్ట్ లేకుండా. ‘పలక’ ఆరు నుంచి మూడుకు దిగుతుంది. ‘తెలుగు’ అని కొట్టండి: నొక్కులు రెండు పద్ధతుల్లోనూ ఆరే, కానీ ఇన్‌స్క్రిప్ట్‌లో కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక చేయి కొడుతుంటే రెండోది సిద్ధమవుతుంది. మన ఒత్తులన్నిటికీ అవసరమైన పొల్లు ‘డి’ కీ మీద, ఎడమ మధ్య వేలి కిందే ఉంది. నాకు ఈ అమరికలో అన్నిటికంటే నచ్చిన నిర్ణయం అది.

దీనికీ లోపాలున్నాయి. గుణింతం లేని హల్లులు వరసగా వస్తే భారమంతా కుడిచేతి మీదే పడుతుంది. ‘పలక’లో మూడు అక్షరాలూ కుడిచేతివే, మొదటి రెండూ ఒకే చూపుడు వేలివి. చ, ట, డ కుడి చిటికెన వేలికి వచ్చాయి. ఖ, ఘ లాంటి ఒత్తి పలికే హల్లులకు, మాట మొదట్లో వచ్చే అచ్చులకు షిఫ్ట్ తప్పదు. అయినా ఎడమ చిటికెన వేలు తప్పించుకున్న భారంతో పోలిస్తే ఇవి చిన్నవనే నా అంచనా. డీటీపీలో వాడే ‘ఆపిల్ కీబోర్డు’ అనే తెలుగు అమరికతో వేళ్లు కుదిరినవారు మాత్రం ఇప్పుడు మారనక్కర్లేదు. ఆ పద్ధతిలోనూ వాళ్లు రాసేది నేరుగా తెలుగే.

మారేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. నొప్పి బాగా ఉన్న రోజుల్లో కొత్త అమరిక మొదలుపెట్టకండి. నేర్చుకునేటప్పుడు వేళ్లు భయంతో బిగుస్తాయి, తప్పులు ఎక్కువవుతాయి, బ్యాక్‌స్పేస్ నొక్కులు పెరుగుతాయి. హాయి కోసం వెళ్లి మొదటి వారాల్లో ఎక్కువ నొప్పి తెచ్చుకున్నట్టవుతుంది. ముందు చేతులకు విశ్రాంతి ఇచ్చి, కుర్చీ, బల్ల సరిచేసుకుని, పని ఒత్తిడి లేని నెల చూసుకుని మొదలుపెట్టాలి. రోజుకు అరగంటకు మించి వద్దు. మిగతా పని పాత అమరికలోనే చేసుకోవచ్చు. పాత వేగం తిరిగి రావడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. వేగం తగ్గిన ఆ రోజుల్లో చేతులకు హాయిగా అనిపిస్తే, అది అమరిక వల్లో నెమ్మదిగా కొట్టడం వల్లో విడదీసి చూడాలి. పాత వేగం వచ్చాక కూడా హాయి నిలిస్తేనే అమరికకు ఆ గొప్ప ఇవ్వాలి.

కీల మీద స్టిక్కర్లు అంటించొద్దు. అంటిస్తే కళ్లు కిందికే పోతాయి, మెడ వంగుతుంది, చేతి నొప్పి పక్కన మెడనొప్పి చేరుతుంది. అమరిక బొమ్మను కాగితం మీద ముద్రించి తెర కింద, చూపుకు ఎదురుగా పెట్టుకోండి. ఇన్‌స్క్రిప్ట్ అయితే మొదట ఎడమచేతి గుణింతాలు నేర్చుకోండి. గుణింతపు గుర్తు ఉన్న కీనే షిఫ్ట్‌తో నొక్కితే దాని అచ్చు వస్తుంది కాబట్టి, ఒకటి వస్తే రెండోది వచ్చినట్టే. తర్వాత ర, క, త, ప, ల, స, న, మ. ఈ ఎనిమిది హల్లులు కుదిరాక వార్తాపత్రికలోని ఒక పేరా ముందు పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టవచ్చు.