లోపలికి 416, బయటికి వేలు: ఎందుకు? ఎలా?

సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు ఉంటాయి, వెరసి 208. జెనీవా దగ్గర, సెర్న్ పరిశోధన సంస్థ వారి 27 కిలోమీటర్ల సొరంగంలో ఇలాంటి రెండు కేంద్రకాలను ఎదురెదురుగా పంపి ఢీకొట్టిస్తారు. అంటే లోపలికి వెళ్ళేవి 416 కణాలు. అవి నడిమికి నడిమి తాకితే మాత్రం విద్యుదావేశమున్న కణాలే 20 వేలకు పైగా వెలువడతాయి. ఆవేశం లేనివి ఇంకా వేరే. ఇన్నీ ఎక్కడ దాక్కున్నాయి?

ఎక్కడా దాక్కోలేదు. అవి పగిలిన ముక్కలు కావు, అప్పటికప్పుడు పుట్టినవి. 2015లో జరిపిన తాకిళ్ళలో, ఆ రెండు కేంద్రకాల ద్రవ్యరాశికి సమానమైన శక్తికి సుమారు 2,700 రెట్ల శక్తి ఉంది. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం ఆ శక్తి పదార్థంగా మారవచ్చు. మారవచ్చు సరే, మారేదెలా? అసలు చిక్కు ఇక్కడే.

అంత వేగంలో కేంద్రకాలు మన దృష్టిలో గుండ్రంగా కాక పల్చటి బిళ్ళల్లా అణిగి ఉంటాయి. ఆ బిళ్ళలు ఢీకొని ఆగిపోవు, ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. పోతూ పోతూ తమ శక్తిలో కొంత మధ్యలో వదిలేస్తాయి. ఎలాగంటే, ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల ఉండే క్వార్కులను పట్టి ఉంచే బలం తీరే వేరు: దూరం పెరిగినా సడలదు. లాగేకొద్దీ మధ్యలో శక్తి పోగవుతుంది. చివరికి ఆ బంధం తెగుతుంది గానీ ఒంటరి క్వార్కు చేతికి రాదు. అయస్కాంతాన్ని విరిచినా ఒంటి ధ్రువం దొరకనట్టే. తెగిన చోట కొత్తగా ఒక క్వార్కు, దానికి ఎదురు ఆవేశమున్న ప్రతిక్వార్కు పుట్టి అటొకటి ఇటొకటి అంటుకుంటాయి.

సీసం తాకిడిలో ఇలాంటి బంధాలు వందలకొద్దీ ఒకే చోట కిక్కిరిసిపోతాయి. ఏ క్వార్కు దేనిదో చెప్పలేని ద్రవం తయారవుతుంది. దీన్నే క్వార్క్-గ్లువాన్ ప్లాస్మా అంటారు. సూర్యుడి నడిబొడ్డు కన్నా లక్ష రెట్లకు మించిన వేడి దానిది. అది క్షణంలో ఊహకందని లవలేశం నిలిచి, వ్యాకోచిస్తూ చల్లబడుతుంది. సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీలకు దిగేసరికి క్వార్కులు జంటలుగానో, మూడేసిగానో కూడి కణాలవుతాయి. తక్కువ ద్రవ్యరాశికి తక్కువ శక్తి చాలు కనుక, ప్రోటాన్‌లో ఏడో వంతు ఉండే పయాన్లనే కణాలదే సింహభాగం.

క్వార్కు, ప్రతిక్వార్కు జంటగా పుడతాయి కాబట్టి తాకిడి నడుమ ప్రోటాన్లు ఎన్నో ప్రతిప్రోటాన్లూ దాదాపు అన్నే. అయితే ఇలాంటి ప్రతికణాలు కూడి పెద్ద కేంద్రకం కావడం మాత్రం మహా అరుదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో బంగారం కేంద్రకాల తాకిళ్ళు దాదాపు వంద కోట్లు జల్లెడ పడితే, 2011లో ప్రకటించిన ప్రతి-హీలియం-4 కేంద్రకాలు 18.