ఫోన్ ఒక్కటే, యజమానులు ఇద్దరు: ఆఫీసుని జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ల కోసం

కొత్త ఫోన్ రివ్యూ అనగానే ప్రాసెసర్, కెమెరా, ఎన్ని నిమిషాల్లో ఫుల్ చార్జ్ అంటూ మొదలుపెట్టడం మాకు అలవాటు. కానీ ఉద్యోగం చేసుకునేవాళ్ల ఫోన్‌కి అసలు పరీక్షలు వేరే ఉంటాయి. పొద్దున మెట్రో గేటు దగ్గర వెనకాల పదిమంది నిలబడి ఉండగా క్యూఆర్ టికెట్ టక్కున తెరుచుకోవాలి. మధ్యాహ్నం ఆఫీస్ వైఫై పడిపోతే హాట్‌స్పాట్ ఇచ్చి లాప్‌టాప్‌ని బతికించాలి. రాత్రి రెండింటికి సర్వర్ కూలితే మోగాలి, లోన్ కావాలా అని అడిగేవాళ్లకి మోగకూడదు, అమ్మ చేస్తే మాత్రం ఎలాగైనా మోగాలి. వీటికి ఏ బెంచ్‌మార్క్ యాప్‌లోనూ స్కోర్ ఉండదు.

నేను ఈ సైట్‌కి రాసేది శని, ఆదివారాల్లో. మిగతా ఐదు రోజులు హైటెక్ సిటీలో ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం. అంటే ఏదైనా చెడిపోతే నిద్ర లేపడానికి కంపెనీ జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషిని అన్నమాట. ఆ లేపే పని ఎక్కువగా చేసేది నా ఫోనే కాబట్టి, దాన్ని ఎలా సెట్ చేసుకున్నానో ఈసారి రాస్తున్నా. కొన్ని మీకూ పనికొస్తాయి.

ఆఫీస్ యాప్ పెట్టే ముందు ఆ ఒక్క స్క్రీన్ చదవండి

ఉద్యోగంలో చేరిన రోజు ఐడీ కార్డు, లాప్‌టాప్, బ్యాగు ఇస్తారు. సాయంత్రానికి ఒక మెయిల్ వస్తుంది, మీ ఫోన్‌లో ఫలానా యాప్ పెట్టుకోండి అని. ఆఫీస్ ఫోన్ మేనేజర్లకే. మనలాంటివాళ్లం సొంత డబ్బుతో, ఈఎంఐ మీద కొన్న ఫోన్‌లోనే మెయిల్, చాట్, క్యాలెండర్, లాగిన్ కోడ్ ఇచ్చే యాప్ అన్నీ ఎక్కించుకోవాలి. ఎక్కించేటప్పుడు ఒక పర్మిషన్ స్క్రీన్ వస్తుంది. సన్న అక్షరాలు, కింద పెద్ద నీలం బటన్. తొంభై శాతం మంది వేలు ఆ బటన్ మీదకే పోతుంది (ఈ తొంభై నా అంచనా, సర్వే కాదు).

ఆ స్క్రీన్ విలువ నాకు తెలిసింది మా రూమ్మేట్ వల్ల. వాడు ఇదివరకటి కంపెనీలో మానేసిన రోజు, సాయంత్రం ఆరు దాటాక, కూకట్‌పల్లిలో మా పీజీ మెట్ల మీద కూర్చుని బిర్యానీ ఆర్డర్ పెడుతుంటే ఫోన్ దానంతటదే ఆఫ్ అయింది. మళ్లీ ఆన్ అయ్యాక కొత్త ఫోన్ లాగా 'హలో' అంటూ ఏ భాష కావాలని అడిగింది. "మామా, ఇదేంట్రా, షాపులో కొన్న రోజులా ఉంది" అన్నాడు. ముందు నవ్వుకున్నాం. గంట తర్వాత నవ్వు ఆగిపోయింది. ఉద్యోగి వెళ్లిపోగానే కంపెనీ డేటా చెరిపేయమని సిస్టమ్ పంపిన ఆదేశం కంపెనీ డేటాతో ఆగకుండా ఫోన్ మొత్తాన్ని తుడిచేసింది. రెండేళ్ల ఫొటోలు, అందులో వాళ్ల నానమ్మ చివరి సంక్రాంతివి పోయాయి. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే 'పాలసీ ప్రకారమే జరిగింది' అని రెండు లైన్ల జవాబు వచ్చింది.

దీని వెనక టెక్నికల్ విషయం చెప్తా, ఇది తెలుసుకోవాల్సిందే. ఆండ్రాయిడ్‌లో కంపెనీలు ఫోన్‌ని అదుపులో పెట్టడానికి పాత పద్ధతి 'డివైస్ అడ్మిన్'. దానికి ఒప్పుకుంటే ఫోన్ మొత్తాన్ని దూరం నుంచి రీసెట్ చేసే అధికారం ఇచ్చినట్టే. కొత్త పద్ధతి 'వర్క్ ప్రొఫైల్'. కొత్తదంటే మరీ కొత్తదేం కాదు, 2014లో ఆండ్రాయిడ్ 5.0 లాలీపాప్‌తోనే వచ్చింది. ఇందులో ఫోన్‌లోనే ఒక గోడ కడతారు. ఆఫీస్ యాప్‌లు గోడకి అటువైపు, మన వాట్సాప్, గ్యాలరీ ఇటువైపు. సొంత ఫోన్ మీద వర్క్ ప్రొఫైల్ పెడితే కంపెనీ చెరపగలిగేది అటువైపు ఉన్నదాన్నే. మన ఫొటోలూ మెసేజ్‌లూ వాళ్లకి కనపడవు. స్క్రీన్ లాక్ తప్పనిసరి లాంటి షరతులు మాత్రం పెట్టగలరు, అందులో న్యాయం ఉంది.

మీ ఫోన్‌లో ఏది ఉందో చూసుకోవడం సులువు. యాప్‌ల జాబితా తెరిస్తే 'పర్సనల్', 'వర్క్' అని రెండు ట్యాబ్‌లు ఉండి, ఆఫీస్ యాప్‌ల ఐకాన్ మీద చిన్న బ్రీఫ్‌కేస్ బొమ్మ కనిపిస్తే అది వర్క్ ప్రొఫైల్. అవి లేకుండా ఆఫీస్ యాప్ ఉంటే సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో 'డివైస్ అడ్మిన్' అని కొట్టండి. ఆ లిస్టులో ఎవరు కూర్చున్నారో తెలుస్తుంది. ఐఫోన్ వాళ్లకి ఇలాంటి ఏర్పాటు 'యూజర్ ఎన్‌రోల్‌మెంట్' పేరుతో 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది.

వర్క్ ప్రొఫైల్‌లో నాకు బాగా నచ్చింది భద్రత కన్నా ఒక చిన్న స్విచ్. పైనుంచి కిందకి లాగితే వచ్చే టైల్స్‌లో 'వర్క్ యాప్స్' అని ఉంటుంది. శుక్రవారం సాయంత్రం దాన్ని ఆపేస్తే ఆఫీస్ యాప్‌లన్నీ బూడిద రంగులోకి మారిపోతాయి. నోటిఫికేషన్ రాదు, వెనకాల నడవవు, బ్యాటరీ తినవు. సోమవారం పొద్దున మళ్లీ ఆన్. మా టీమ్‌లో ఒకాయన దీన్ని 'షట్టర్ దించడం' అంటాడు. "షట్టర్ దించేశావా?" అంటే "వీకెండ్ మొదలైందా?" అని అర్థం.

కంపెనీ వర్క్ ప్రొఫైల్ ఇవ్వకపోతే షెల్టర్, ఐలాండ్ లాంటి యాప్‌లతో మనమే అలాంటి గోడ కట్టుకోవచ్చు, మీ ఆఫీస్ రూల్స్ ఒప్పుకుంటేనే సుమా. డివైస్ అడ్మిన్ తప్పదంటే? మా రూమ్మేట్ కొత్త కంపెనీలో చేరాక స్క్రీన్ పగిలిన పాత ఫోన్‌ని డ్రాయర్‌లోంచి తీసి, వైఫై ఇచ్చి, ఆఫీస్ యాప్‌లన్నీ అందులో పడేశాడు. దానికి వాడు పెట్టిన పేరు అత్తారిల్లు. వెళ్లినంతసేపు బుద్ధిగా ఉండాలి, అవసరం తీరగానే బయటపడాలి.

రాత్రి ఎవరు మోగాలి?

ఐదు వారాలకి ఒకసారి నాకు ఆన్-కాల్ వారం వస్తుంది. ఆ వారం రాత్రి 'డు నాట్ డిస్టర్బ్' పెట్టకపోతే ఫ్యామిలీ గ్రూప్‌లో గుడ్ నైట్ గులాబీలు కూడా లేపుతాయి. మొత్తం సైలెంట్ పెడితే ఉద్యోగమే పోవచ్చు. కాబట్టి మినహాయింపులు ఇవ్వడంలోనే అంతా ఉంది.

ముందు అలర్ట్ యాప్. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డు నాట్ డిస్టర్బ్‌ని దాటే అనుమతి ఇవ్వాలి. ఐఫోన్‌లో 'క్రిటికల్ అలర్ట్స్' అని విడిగా అడుగుతుంది. ఇచ్చాక ఒకసారి టెస్ట్ అలర్ట్ కొట్టి చూసుకోండి, అదీ పగలే. పీజీలో రాత్రి టెస్ట్ చేస్తే పక్క మంచాలవాళ్లతో స్నేహం చెడుతుంది.

తర్వాత మనుషులు. 'రిపీట్ కాలర్స్' అని ఒక సదుపాయం ఉంది. ఒకే నంబర్ నుంచి ఆండ్రాయిడ్‌లో అయితే 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. అత్యవసరమైనవాళ్లు మళ్లీ చేస్తారు కదా అని దీని లెక్క. ఆలోచన బాగుంది కానీ దీన్ని తయారుచేసినవాళ్లకి మన దేశం గురించి రెండు సంగతులు తెలిసినట్టు లేదు. ఒకటి, క్రెడిట్ కార్డు అమ్మేవాళ్లు, లొకేషన్ దొరకని డెలివరీ బాయ్‌లు ఎలాగూ రెండుసార్లు చేస్తారు. రెండోది, అమ్మలు ఒక్కసారే చేస్తారు.

మా అమ్మ ఇప్పటికీ రెండు రింగులు ఇచ్చి పెట్టేస్తుంది. నిమిషానికి ఇంతని డబ్బులు పోయే రోజుల్లో నేర్చుకున్న అలవాటు, మిస్డ్ కాల్ ఇస్తే అబ్బాయి చేస్తాడని. ఇప్పుడు ప్లాన్ అన్‌లిమిటెడ్ అని ఎన్నిసార్లు చెప్పినా, "నువ్వు మీటింగులో ఉంటావేమోరా, ఎందుకు నిన్ను ఇబ్బంది పెట్టడం" అంటుంది. అందుకే నేను రిపీట్ కాలర్స్ ఆపేసి, అమ్మనీ, నాన్ననీ, ఊళ్లో మా పక్కింట్లో ఉండే పెదనాన్న కొడుకునీ స్టార్ కాంటాక్ట్స్‌లో పెట్టాను. డు నాట్ డిస్టర్బ్‌లో 'స్టార్ చేసినవాళ్ల కాల్స్ మాత్రం' అని ఎంచుకున్నాను. వాళ్లకి విడిగా ఒక రింగ్‌టోన్, వాల్యూమ్ ఫుల్.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి పదకొండు నలభైకి అదే టోన్ వచ్చింది. రెండే రింగులు. నేను తిరిగి చేసేసరికి అమ్మ గొంతు వేరేగా ఉంది. నాన్నకి షుగర్, ఆ రోజు ఇన్సులిన్ వేసుకుని సరిగ్గా తినలేదు, ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. స్పృహలో ఉన్నారా, మింగగలుగుతున్నారా అని అడిగి, పంచదార నీళ్లు పట్టించమన్నాను. అమ్మ లైన్‌లో ఉండగానే పక్కింటి అన్నయ్యకి ఇంకో కాల్ కలిపాను. ఆయన లుంగీ మీదే పరిగెత్తుకొచ్చాడు. పావుగంటకి నాన్న లేచి కూర్చుని, "వాడికెందుకు చేశావు ఇంత రాత్రి" అని అమ్మని కోప్పడటం స్పీకర్‌లో వినిపించింది. ఆ తిట్టు విన్నాక నాకు ఊపిరి వచ్చింది.

ఆ తర్వాత రోజు మా టీమ్‌లో ఆరుగురి ఫోన్లు తీసుకుని ఈ సెట్టింగ్ నేనే చేసిపెట్టాను. మీరూ ఈ ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు.

పనిలో పనిగా ఒక మాట. పని గంటలు దాటాక ఆఫీస్ మెసేజ్‌లు పట్టించుకోకపోయే హక్కు గురించి ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి చట్టాలు అమల్లో ఉన్నాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టారు. అదేదో అయ్యేదాకా మనకి దిక్కు ఆ 'వర్క్ యాప్స్' టైలే.

మూడో విజిల్

ఇయర్‌బడ్స్ కొనేటప్పుడు డబ్బా మీద ఏఎన్‌సీ, ఈఎన్‌సీ అని రెండూ కనిపిస్తాయి. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఏఎన్‌సీ మన చెవిలోకి వచ్చే చప్పుడు తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మన మైక్ నుంచి అవతలివాళ్లకి వెళ్లే చప్పుడు తగ్గిస్తుంది. ఇంటి నుంచి మీటింగులు చేసేవాళ్లకి కావాల్సింది ముఖ్యంగా రెండోది. మా పీజీ వంటగది నా గది పక్కనే. ఏఎన్‌సీ ఆన్‌లో ఉంటే నాకు ప్రపంచం ప్రశాంతంగా ఉంటుంది, అవతల క్లయింట్‌కి మాత్రం కుక్కర్ లైవ్. ఒకరోజు స్టేటస్ చెబుతుంటే అటువైపు నుంచి ఒకావిడ, "మీ పప్పు ఉడికినట్టుంది, మూడు విజిల్స్ అయ్యాయి" అంది. అమెరికాలో ఉన్న తెలుగావిడే అని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి మా టికెట్లు కొంచెం త్వరగా కదులుతున్నాయి.

కాబట్టి రివ్యూల్లో పాట ఎలా వినిపిస్తుందో చదివి ఆగిపోకండి, ఫ్యాన్ కింద కాల్ శాంపిల్ ఉందేమో చూడండి. 'మల్టీపాయింట్' ఉంటే లాప్‌టాప్‌కీ ఫోన్‌కీ ఒకేసారి కనెక్ట్ అవుతుంది. మీటింగ్‌లో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వస్తే అదే బడ్స్‌లో మాట్లాడొచ్చు.

దారి ఖర్చులు, దారి కష్టాలు

కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద దగ్గరే. మెట్రోలో అయితే అమీర్‌పేట దాకా వెళ్లి, లైన్ మారి, మళ్లీ వెనక్కి రావాలి. ట్రాఫిక్‌లో నిలబడటం కన్నా ఇదే నయం. ఆ ప్రయాణంలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే ఫోన్ టవర్ కోసం ఎక్కువ పవర్‌తో వెతుక్కుంటుంది, బ్యాటరీ దిగేది అందుకే. సిరీస్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే బ్యాటరీ కొంత మిగులుతుంది. బైక్ మీద వెళ్లేవాళ్లు హ్యాండిల్ మౌంట్‌కి ఖరీదైన ఫోన్ తగిలించే ముందు ఒక్క క్షణం ఆగండి. పెద్ద ఇంజిన్ల బైకుల వైబ్రేషన్ వల్ల కెమెరాలోని ఓఐఎస్ దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది.

టీ కొట్టు దగ్గర యూపీఐ లైట్ వాడండి. వెయ్యి రూపాయల లోపు చెల్లింపులకి పిన్ అక్కర్లేదు, ఒక్కసారికి ఐదు వేల దాకా నింపుకోవచ్చు. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో నింపిన మొత్తం ఒక్కటే కనిపిస్తుంది, ప్రతి టీ, ప్రతి మిర్చి బజ్జీ కనిపించదు. పెళ్లి సంబంధం వాళ్లు స్టేట్‌మెంట్ అడిగే రోజులివి, పనికొస్తుంది.

చార్జర్ విషయానికొస్తే టైప్-సీ పుణ్యమా అని లాప్‌టాప్, ఫోన్, బడ్స్‌కి ఒక 65 వాట్ల పీడీ చార్జర్ సరిపోతోంది. ఒక్కటి గుర్తుంచుకోండి. 80 వాట్లు, 100 వాట్లు అని చెప్పే ఫోన్లలో చాలావాటికి ఆ స్పీడ్ రావాలంటే వాళ్ల సొంత చార్జర్, సొంత కేబుల్ ఉండాలి. బ్యాగులో ఉన్న లాప్‌టాప్ చార్జర్‌తో అంత స్పీడ్ రాదు. బ్యాటరీ ఎక్కువకాలం రావాలని నేను 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టుకుంటా, ఆన్-కాల్ వారంలో మాత్రం ఆ లిమిట్ తీసేసి వంద దాకా ఎక్కిస్తా. ఆ వారం పవర్ బ్యాంక్ దిండు పక్కనే ఉంటుంది, దాని మీద మా రూమ్మేట్ కన్ను పడకుండా పేరు రాసి టేప్ కూడా వేశాను.