ప్యాచ్ వచ్చాక 189 రోజులు

2024 జూలై 31న జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఒక ప్రకటన చేసింది. సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగిందని, అందుకే ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా తప్పించామని చెప్పింది. టీసీఎస్, స్టేట్ బ్యాంక్ కలిసి పెట్టిన ఈ కంపెనీ సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలు అందిస్తుంది. దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు ఆటంకం కలిగింది. వాటిలో గుజరాత్ జిల్లా సహకార బ్యాంకులూ ఉన్నాయి. దేశం మొత్తం చెల్లింపుల్లో వీటి వాటా 0.5 శాతమేనని అప్పట్లో వార్తలొచ్చాయి. సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తూ తెలంగాణలోని ఇంటికి డబ్బు పంపే మన పద్మశాలీ కార్మికుడికి ఉన్న ఒక్క ఖాతా అలాంటి బ్యాంకులోనే ఉంటే, ఆ 0.5 శాతం లెక్క అతనికేం ఊరట?

సాఫ్ట్‌వేర్ తయారీ పనులను ఆటోమేట్ చేసే జెంకిన్స్‌ను సరిగా అమర్చని ఒక సర్వర్ ద్వారా దొంగలు చొరబడ్డారని సైబర్ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ విశ్లేషించింది. అది పేర్కొన్న లోపం సీవీఈ-2024-23897. తీవ్రత 10కి 9.8. లాగిన్ కాకుండానే సర్వర్‌లోని ఫైళ్లు చదివే వీలిస్తుంది. దానికి మందు 2.442 వెర్షన్‌లో జనవరి 24నే వచ్చేసింది. అక్కడి నుంచి జూలై 31 దాకా లెక్కేస్తే 189 రోజులు.

ఇలాంటి జాప్యం గురించి అడిగితే చాలా ఆఫీసుల్లో వినిపించే జవాబు ఒకటే: ‘ఆటో అప్‌డేట్ ఆన్‌లోనే ఉంది సార్’. ఉబుంటులో ఆ పని చేసేది అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్. దాని కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి ‘అలౌడ్-ఆరిజిన్స్’ అన్న భాగం చూడండి. ఉబుంటు సొంత రిపోజిటరీ, దాని సెక్యూరిటీ విభాగం ఉంటాయి. మామూలు అప్‌డేట్స్ లైను ముందు రెండు గీతలు పెట్టి ఆపేసి ఉంటుంది. బయటి రిపోజిటరీ ఒక్కటీ ఉండదు. జెంకిన్స్‌ను ఎక్కువమంది దాని సొంత రిపోజిటరీ నుంచే వేసుకుంటారు. అంటే రోజూ పొద్దున ఆటో అప్‌డేట్ నడుస్తూనే ఉంటుంది, జెంకిన్స్ మాత్రం పాతబడుతూనే ఉంటుంది. ఆప్ట్-క్యాష్ పాలసీ కమాండ్ కొడితే ఏయే రిపోజిటరీలు ఉన్నాయో బయటపడుతుంది. ఆ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడటానికి పది నిమిషాలు చాలు.

ఉబుంటు సొంత ప్యాకేజీలకైనా ఒకే రకం పూచీ లేదు. ‘మెయిన్’లో దాదాపు 2,300 ప్యాకేజీలు, ‘యూనివర్స్’లో 23,000కు పైగా ఉన్నాయి. రెండో రకానికి ఉబుంటు తయారీ సంస్థ కానానికల్ భద్రతా హామీ ఉబుంటు ప్రో తీసుకున్నవారికే. వ్యక్తిగత వాడకానికి 5 యంత్రాల దాకా అది ఉచితం.

ఇక వెర్షన్ నంబరు చూసి కంగారు పడేవాళ్లు కొందరు. 2024 జూలై 1న ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడ్డ లోపం సీవీఈ-2024-6387, 8.5పీ1 నుంచి 9.7పీ1 వరకు ఉంది. డెబియన్ 12లో ఉండేది 9.2పీ1. స్కానర్ ఎర్రజెండా ఎత్తుతుంది. కానీ చివర ‘+డెబ్12యూ3’ అని గానీ, అంతకంటే పెద్ద అంకె గానీ ఉంటే ప్యాచ్ పడినట్టే, ఎందుకంటే డెబియన్ వెర్షన్ మార్చకుండా పాత దానికే మరమ్మతు అతికిస్తుంది. ఆ తోక చదవకుండా, లోపం సరిదిద్దిన 9.8ని బయటి నుంచి తెచ్చి కంపైల్ చేశారా, ఆ రోజు నుంచి దాని అప్‌డేట్ల బాధ్యత మీదే.

అలాగని కొత్తదల్లా ముందే ఎక్కించుకోవడమూ మంచిది కాదు. 2024 మార్చి 29న ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పట్టుబడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆరా తీయడంతో బయటపడింది. చిక్కుకున్నవి ప్రధానంగా టెస్టింగ్, రోలింగ్ రకాలే. అప్పటి డెబియన్ స్టేబుల్ 5.4.1 మీదే ఉంది. స్టేబుల్ మీద ఉంటూ సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం వెంటనే వేయడమే నా ఓటు.

ప్యాచ్ వేసినా కెర్నల్ విషయంలో రీబూట్ దాకా పాతదే నడుస్తుంది. ‘రీబూట్-రిక్వైర్డ్’ అనే ఫైలు ఉందంటే రీబూట్ ఇంకా మిగిలి ఉందని అర్థం. సూరత్ బట్టల మార్కెట్‌లో ఇలాంటి పనులను దీపావళి సెలవులకు వాయిదా వేయాలనిపించడం సహజం. మార్చిలో వచ్చే ప్యాచ్‌కు అది ఏడెనిమిది నెలల ఆలస్యం.

ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో దానికి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. 189వ రోజున వెనక్కి తిరిగి వెతికేవారికి, ప్యాచ్ వచ్చిన తొలి 9 రోజుల్లో ఎవరు తలుపు తట్టారో 180 రోజుల లాగ్‌లో దొరకదు.