కాలింగ్ బెల్ నొక్కితే కణం చచ్చిపోతుందా?

2021 మే. జోగిపేటలో మా చిన్నాయనకు కరోనా వచ్చి పదో రోజు. జ్వరం తగ్గింది కానీ ఆక్సిజన్ పడిపోతోంది. డాక్టర్ రాసిన మందుల్లో ఒకదాన్ని ఫోన్‌లో వెతికాను. బారిసిటినిబ్. తీరా చూస్తే అది కీళ్లవాతం మాత్ర! కరోనాకీ కీళ్లకీ ఏం సంబంధం?

ఆ సంబంధం కణం పైపొర మీద ఉంది. రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి సైటోకైన్లు అనే ప్రొటీన్లు వదులుతాయి. అందులో ఒకటి ఇంటర్‌ఫెరాన్ గామా. అది కణంలోకి దూరదు. బయట రిసెప్టర్‌కి అతుక్కుంటుంది, అంతే. మరి కబురు లోపలికెలా పోతుంది? రిసెప్టర్ తల బయట, తోక లోపల. తలకి ఇంటర్‌ఫెరాన్ తగలగానే తోకలు కదులుతాయి. వాటిని పట్టుకుని ఉన్న జాక్1, జాక్2 ఎంజైములు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుని మేలుకుంటాయి, తోకకీ తగిలిస్తాయి. ఆ గుర్తు చూసి స్టాట్1 అనే ప్రొటీన్ వచ్చి వాలుతుంది. దానికీ ఫాస్ఫేట్ పడుతుంది. జంటకట్టి కేంద్రకంలోకి వెళ్లి జీన్లను ఆన్ చేస్తుంది. కోడ్ రాసేవాళ్లకి తెలిసిన కథే: బయటివాడు డేటాబేస్‌ని ముట్టుకోలేడు, రిక్వెస్ట్ ఒక్కటే లోపలికి పోతుంది. (జాక్ అంటే మొదట్లో 'జస్ట్ అనదర్ కైనేజ్' అట. మా వేరియబుల్ పేర్లే నయం!)

బెల్ ఆగకుండా మోగితే? మా జోగిపేట బస్సు హైదరాబాద్ పోతూ పటాన్‌చెరులో ఇక్రిశాట్ ముందునుంచే వెళ్తుంది. ఒకప్పుడు అక్కడ మిరపకాయల్లో బూజు విషాన్ని పసిగట్టే పరీక్ష మీద పనిచేసిన తిరుమలాదేవి కన్నెగంటి 2007లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో చేరారు. 2020 నవంబర్‌లో ఆమె ల్యాబ్ ఒక సంగతి బయటపెట్టింది. ఇంటర్‌ఫెరాన్ గామా ఒక్కటే వస్తే కణం తట్టుకుంటోంది. టీఎన్‌ఎఫ్ అనే ఇంకో సైటోకైన్ కూడా వచ్చి రెండు బెల్లులూ కలిసి మోగితే, జాక్, స్టాట్1 దారిలో నైట్రిక్ ఆక్సైడ్ తయారై కణం తనను తానే చంపుకుంటోంది. కరోనా సోకిన ఎలుకల్లో ఆ రెండింటినీ అడ్డుకుంటే చావులు తగ్గాయి.

బారిసిటినిబ్ చేసేది వైరు కట్ చేయడమే. బెల్ నొక్కుతున్నా జాక్ పలకదు. మా చిన్నాయన మంచం పట్టిన ఆ మే నెలలోనే హైదరాబాద్ నాట్కో కంపెనీకి ఈ మాత్రపై అత్యవసర అనుమతి వచ్చింది. అయితే ఇన్‌ఫెక్షన్లతో పోరాడేదీ అదే వైరు మీద. అందుకే కరోనాలో 14 రోజులకు మించి ఇవ్వరు, డాక్టర్ చెప్పకుండా అసలే ముట్టొద్దు.

చిన్నాయనకు దీంతోపాటు స్టెరాయిడ్, ఆక్సిజన్ కూడా పెట్టారు. పద్దెనిమిదో రోజు ఇంటికొచ్చాడు. ఏది పనిచేసింది సార్ అని అడిగితే, "అన్నీ" అన్నారు డాక్టర్.