ఎండుమిరపకాయ – గాలిలోని తేమ

జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఖమ్మం మార్కెట్టులో అడుగుపెట్టినవారికి కంటికన్న ముందు ముక్కుకు తెలిసేది మిరప ఘాటు. చుట్టుపట్ల పొలాలనుంచే గాక, భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల అడవి అంచులనుంచి కూడ కాయ టిక్కీలలో కుక్కి ఇక్కడికి వస్తుంది. ఏరడానికి ఛత్తీస్‌గఢ్ పల్లెల కూలీలు కుటుంబాలతో వలస వస్తారు. ఇక్కడ పేరుపొందినది తేజ రకము: సన్నని కాయ, మెండు కారము. గృహస్థులు ఏడాదికి సరిపడ కాయ కొని, రోహిణి కార్తె ఎండలలో మరల ఎండబెట్టి, జాడీలకో డబ్బాలకో ఎత్తుతారు. శ్రావణము వచ్చేసరికి ఒక ఇంట కాయ గలగలలాడుతూనే ఉంటుంది. పక్క ఇంట మెత్తబడి, చీల్చి చూస్తే లోపల బూడిదరంగు బూజు కనబడుతుంది. మార్కెట్టు ఒకటే, కాయ ఒకటే. మరి ఈ తేడా ఎట్లు వచ్చినది?

ఎండినదంటే నీరు బొత్తిగా లేనిదని అర్థము కాదు. ఎండుమిరపలో నూటికి 11 పాళ్ళకు మించి తేమ ఉండరాదని మన దేశపు ఆహార ప్రమాణాలు చెబుతున్నవి. అనగా, మంచి కాయలోను కొంత నీరు ఉంటుంది. ఆ నీరు స్థిరముగా ఉండదు. గాలి పొడిగా ఉంటే కాయ తేమను వదులుతుంది. గాలి చెమ్మగా ఉంటే తిరిగి పీల్చుకుంటుంది. సాపేక్ష ఆర్ద్రత నూటికి 60 ఉన్న గాలిలో చాలకాలము ఉంచిన కాయలోని నీటికి 0.60 క్రియాశీలత ఉన్నదంటారు; శుద్ధజలానికి ఇది 1. క్రియాశీలత 0.60కి దిగువన ఏ బూజూ, ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. కాయలో నీరు ఉన్నా, అది వాటికి అందదు. నిలువ చేయడములోని కిటుకంతా ఈ ఒక్క సంఖ్యలో ఉన్నది.

రోహిణి ఎండలే ఎందుకు? ఒక ఘనమీటరు గాలి 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే భరిస్తుంది; 40 డిగ్రీల వద్ద 51 గ్రాములను భరించగలదు. తెల్లవారుజామున తేమతో పూర్తిగా నిండిన గాలి కూడ మధ్యాహ్నానికి వేడెక్కితే, సగము కూడ నిండనిదవుతుంది. ఆ వెలితిని కాయలోని నీటితో పూరించుకుంటుంది. అందుచేత ఎండబెట్టేది ఎండ ఒక్కటే కాదు, దాహముగొన్న గాలి కూడ. మృగశిర తరువాత వానలు పట్టినపుడు ఆర్ద్రత 80 దాటడము మామూలే. అపుడు మూత వదులుగా ఉన్న డబ్బాలోకి ఆ గాలి చల్లగా జొరబడుతుంది.

బూజు పట్టిన కాయను తుడిచి వాడుకుంటే ఏమి? ఇక్కడ తేలికగా తీసుకోరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు చనిపోగా, వాటికి పెట్టిన వేరుసెనగ చెక్కలో అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషము బయటపడినది. ఆ బూజు పేరునుంచే దానికి అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చినది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులలోని గిరిజన గ్రామాలలో, అకాల వర్షానికి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందకు పైగా మనుష్యులు కాలేయము చెడి మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించారు. మొక్కజొన్న కడుపునిండ తినేది, మిరప చిటికెడు వాడేది. గనుక ఆ స్థాయి భయము ఇక్కడ తగదు. కాని ఈ విషము వేపుడు వేడికి, పోపు వేడికి నశించదు. కొద్దికొద్దిగా ఏళ్ళతరబడి లోనికి పోతే కాలేయపు కాన్సరుకు దారితీయవచ్చును. మన దేశములో సుగంధద్రవ్యాలకు కిలోకు 30 మైక్రోగ్రాములను హద్దుగా పెట్టారు. అది గ్రాములో సుమారు 33 వేలవ వంతు, కంటికి ఆనదు.

కొనేటపుడు చేతిలో ఉన్న పరీక్షలు రెండు. కాయను చెవివద్ద ఆడిస్తే గింజ గలగలమనవలెను. ఒకటి రెండు చీల్చి లోపల చూడవలెను. రంగు వెలిసిన తాలుకాయ చౌకగా వస్తుంది. దానిని కారము పట్టించుకోవడము పొదుపనిపించుకోదు. పొడిలో కలిసినతరువాత దోషము కనిపెట్టే మార్గము ఇంటిలో లేదు గదా! తూకము పెరగడానికి నీళ్ళు చిలకరించిన కాయ పైకి నిగనిగలాడుతుంది, వంచితే విరగక వంగుతుంది.

ఇంటికి తెచ్చినతరువాత ముచ్చికలు తీయడానికి తొందరపడరాదు. ముచ్చిక ఊడినచోట రంధ్రము ఏర్పడి, తేమకు, పురుగుకు దారి అవుతుంది. దంచేముందు తీస్తే చాలును. ఎండిన కాయను పొద్దు వాలకముందే లోపలికి తెచ్చి, చల్లారనిచ్చి, ఆ రాత్రే మూత బిగించవలెను. వేడిగా మూస్తే డబ్బా చల్లబడినపుడు లోపలి ఆవిరి మూతకింద చెమరుస్తుంది. ఎరుపుకు కారణమైన కాప్సాంథిన్ వెలుతురుకు, ప్రాణవాయువుకు పాలిపోతుంది. కారమునిచ్చే కాప్సైసిన్ అంత త్వరగా తగ్గదు. కిటికీలో పెట్టిన గాజు సీసాకంటె చీకటి మూలనున్న జాడీ మేలు. కందిపప్పుకు ఆముదము పట్టించడము వేరే సంగతి: అక్కడ శత్రువు పురుగు, నూనెపొర దాని గుడ్లకు ఊపిరాడనీయదు.

బడిలో చేయదగిన ప్రయోగము ఒకటి కలదు. మూడు గాజు సీసాల అడుగున క్రమముగా నీరు, ముద్దగా తడిపిన ఉప్పు, పొడి సున్నము ఉంచి, ఒక్కొక్కదానిలో ఒక ఎండుకాయను దారముతో వేలాడదీసి మూత బిగించండి. తడి ఉప్పుపై గాలి ఆర్ద్రత సుమారు 75 వద్ద నిలుస్తుంది. వారము తరువాత సున్నపు సీసాలోని కాయ పెళుసుగా విరుగుతుంది, ఉప్పు సీసాలోనిది వంగుతుంది. నీటి సీసాలో బూజు మొదలైతే మూత తెరవక, గాజులోనుంచే చూచి, సీసాతో సహా పారవేయవలెను.