ఉదయగిరి యుద్ధం – చరిత్ర ఆధారాల అన్వేషణ

చరిత్రలో ప్రసిద్ధి పొందిన యుద్ధాల పేర్లు చాలామందికి తెలుసు. ఆ యుద్ధాల వివరాలు మనదాకా ఎలా వచ్చాయో తెలిసినవారు తక్కువ. సేనానులకు పంపిన ఆజ్ఞలు, భటుల జీతాల లెక్కలు, దుర్గాధిపతుల లేఖలు యుద్ధకాలంలోనే పుడతాయి. తాటాకుల మీదనో కాగితాల మీదనో వ్రాసినవి కాబట్టి అవి అగ్నికి, చెదలకు, దోపిడికి సులభంగా బలి అవుతాయి. అలా నశించిన పత్రాల స్థానంలో ఇతర ఆధారాలను వెదకి సమకూర్చుకోవడం చరిత్ర పరిశోధకుల ముఖ్యకర్తవ్యం. ఈ అన్వేషణ ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి నెల్లూరు పడమటి సీమలోని ఉదయగిరి చక్కని ఉదాహరణ.

సీతారామపురం పరిసరాలవారికి ఉదయగిరి దుర్గం చిరపరిచితం. మూడువేల అడుగులకు పైగా ఎత్తున్న కొండ దానికి సహజమైన రక్షణ. 16వ శతాబ్ది ఆరంభంలో ఈ దుర్గం కళింగాన్ని ఏలిన గజపతుల అధీనంలో ఉండేది. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు 1513లో దీనిని ముట్టడించి, 1514లో ప్రతాపరుద్ర గజపతి సైన్యం నుండి వశపరచుకున్నాడు. అయితే 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగరం శత్రువుల దోపిడికి గురైంది. ఆ రాజధానిలోని కార్యాలయ పత్రాలు మనకు దక్కలేదు. మరి ఉదయగిరి ముట్టడి సంగతి మనకెలా తెలిసింది?

యుద్ధం జరిగిన చోటనే కాక, విజేత యుద్ధానంతరం వెళ్ళిన చోట్లలోనూ వెదకాలి. ఉదయగిరిని గెలిచిన రాయలు 1514 జూలై 6న తిరుమలలో స్వామిని దర్శించి, ముప్పైవేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు. తిరుమల శాసనాలు ఈ విషయాన్ని తెలుపుతున్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితులు శ్రమించి పరిష్కరించగా తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని ప్రకటించింది. రాయలు ఉదయగిరి నుండి బాలకృష్ణ విగ్రహాన్ని తరలించి హంపిలో ప్రతిష్ఠించినట్లు అక్కడి కృష్ణాలయ శాసనం చెబుతున్నది. శాసనాలలో సాధారణంగా శకసంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. శక 1436 అంటే సుమారు 1514 అన్నమాట.

మరొక ఆధారం సముద్రాలు దాటి పోయింది. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు 1535 ప్రాంతంలో విజయనగర చరిత్రను వ్రాశాడు. ఆ వ్రాతప్రతి చాలాకాలం పారిస్ జాతీయ గ్రంథాలయంలో మరుగున పడి ఉంది. 1897లో డేవిడ్ లోపెష్ దానిని ప్రకటించాడు. 1900లో రాబర్ట్ స్యూయల్ ఆంగ్లంలోకి అనువదించాడు. అందులో ఉదయగిరి పేరు ‘దిగరి’గా మారిపోయింది. పరాయి భాషలో రూపుమారిన పేరును గుర్తించగలగడం కూడా పరిశోధకునికి అవసరమైన నేర్పే. ముట్టడి ఏడాదిన్నర సాగిందని, ఒక్కొక్కరుగా మాత్రమే నడువగల ఇరుకుదారిని బండలు పగులగొట్టి రాయలు వెడల్పు చేయించాడని న్యూనిజ్ వ్రాశాడు.

స్థానికుల జ్ఞాపకాలు మూడవ ఆధారం. కల్నల్ మెకంజీ వద్ద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు గ్రామ కరణాల కవిలెలను పరిశీలించి, పెద్దలు చెప్పిన వృత్తాంతాలను విని కైఫీయతులు సేకరించారు. ఆ కాగితాలు శిథిలం కాసాగినప్పుడు సి.పి. బ్రౌన్ వాటికి ప్రతులు వ్రాయించి కాపాడాడు.

ఆధారం దొరికినంత మాత్రాన పని పూర్తి కాదు. ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. కోటలో గజపతి రాజు పినతల్లి వరుస స్త్రీ చిక్కిందని న్యూనిజ్ అన్నాడు. శాసనాలు గజపతి బంధువైన తిరుమల రౌతరాయడు పట్టుబడినట్లు చెబుతున్నాయి. శాసనం ఆ కాలంలోనే చెక్కినది. న్యూనిజ్ రచన రెండు దశాబ్దాల తరువాతిది. అందువల్ల పేర్లు, తేదీల విషయంలో శాసనానికే విలువ ఎక్కువ. కాని శాసనం విజేత మాట. కొండదారి వేయడానికి పడిన శ్రమను మనకు తెలిపినవాడు పరదేశి అయిన వర్తకుడే. ఆ బండలు పగులగొట్టినవారి పేర్లు మాత్రం ఏ ఆధారంలోనూ లేవు. అవి ఉండదగిన జీతాల లెక్కలు నశించాయి. పత్రం పోవడమంటే సామాన్యుని ఉనికి చెరిగిపోవడమే.

1905లో బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా ప్రకటించారు. ఒక రాయి పగిలిపోయినా దానిమీది మాట ఇటువంటి పుస్తకంలో నిలుస్తుంది. ఎవరూ నకలు తీయని రాయి పగిలితే ఆ మాట శాశ్వతంగా పోతుంది. జీర్ణోద్ధరణ పేరుతో ఆలయ శాసనాలకు సున్నం పూయడం, వాటిని పునాదిరాళ్ళుగా వాడడం తగదు. మీ గ్రామంలో అక్షరాలున్న రాయి గాని, పాత కవిలెకట్ట గాని కనిపిస్తే దానిని చెక్కుచెదరనీయక ఛాయాచిత్రం తీసి, పురావస్తు శాఖకు తెలియజేయండి. మన ఊరి చరిత్రలో ఇంతవరకు ఎవరూ చదువని వాక్యం దానిమీదనే ఉండవచ్చు.