నీట మునిగితే కులం కరుగుతుందా?

మనిషి రక్షణ పొందే ఘడియ ఏది? విశ్వసించిన క్షణమా, నీటిలో మునిగి లేచిన క్షణమా? క్రైస్తవ సంఘాల్లో ఇది పాత వాదమే. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మాత్రం అది వేదాంత చర్చగా మిగిలిపోలేదు, కుల ధ్రువీకరణ పత్రం దాకా వచ్చింది.

1885లో ఎల్బర్ట్ ఛూట్ మహబూబ్‌నగర్‌లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాన్ని ప్రారంభించారు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ దంపతులు అబ్రహాం, మరియా ఫ్రీజెన్ నల్లగొండలో స్థిరపడ్డారు. వారి వెంట నడిచినవారిలో అత్యధికులు మాదిగలు, మాలలు. ఈ మిషన్ల బోధ స్పష్టం: రక్షణ విశ్వాసం వల్ల కలుగుతుంది, బాప్తిస్మం దానికి బహిరంగ సాక్ష్యం మాత్రమే. అందుకే పసిబిడ్డలకు ఇవ్వరు. సిలువపై యేసు పక్కన మరణించిన దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారని ఈ బోధకులు అడుగుతారు. కథోలికుల జ్ఞానస్నానం వేరు. అది జన్మపాపాన్ని కడిగే సంస్కారం కనుక శిశువుకూ ఇస్తారు. అయితే ఊరి బావిని తాకనివ్వని కాలంలో, నలుగురూ చూస్తుండగా అంటరానివాడు తలెత్తి నీటిలోంచి లేవడం ఏ వేదాంతానికీ లొంగని సాక్ష్యమే.

రాజ్యం మాత్రం ఆ నీటికి సంఘం ఇవ్వని శక్తిని ఇచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడికి మన రాష్ట్రాల్లో దక్కేది బీసీ-సీలో ఒక శాతం. ఆ మత షరతును తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసినా ఉత్తర్వు మారలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఎస్సీ పత్రం కేసును కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, ఆమె శైశవంలో పొందిన బాప్తిస్మాన్నీ సాక్ష్యంగా పరిగణించింది. ఛూట్, ఫ్రీజెన్‌ల దృష్టిలో అసలు బాప్తిస్మమే కానిది న్యాయస్థానంలో బాప్తిస్మంగా చెల్లింది! తిరిగి హిందువైనవాడిని కులస్థులు అంగీకరిస్తే పాత కులం తిరిగి వస్తుందని అదే సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. మరి మధ్యకాలంలో ఆ కులం ఎక్కడికి పోయినట్టు?

ఊరికి ఆ సందేహం లేదు. పాస్టరైనా, ఉపదేశి అయినా, అతడి వాడ మారదు. సంఘాలూ ఏమంత నిర్దోషులు కావు. పదవుల దగ్గర, పెళ్లి సంబంధాల దగ్గర మాల, మాదిగ గీత నేటికీ కనిపిస్తుంది. ఒకే నీటిలో మునిగి వియ్యమందలేని విశ్వాసులు, కులం కరగలేదనడానికి తామే రుజువు. ఆ రుజువును చూడని చట్టం బాప్తిస్మ రిజిస్టరును మాత్రం చూస్తుంది.

అందుకే డిగ్రీ చదివే యువకుడు ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తాడు, కీర్తనలు పాడతాడు, తాను రక్షణ పొందానని నమ్ముతాడు. నీటిలోకి దిగే మాట ఎత్తితే, ఉద్యోగం వచ్చాక చూద్దామంటాడు. పాస్టరూ బలవంతపెట్టడు. ఆయన ఇంట్లోనూ చదువుకునే పిల్లలున్నారు.